తాళం వేసిన గదిలో గరగర

ఎంకోబా, గ్వేరు
9 జూలై 2017

వదినగారికి,

మీరు కులాసాగా ఉంటే నేనూ కులాసానే. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఇక్కడ జూలై చలి దంచేస్తోంది. మీ కొండల మీద మంచుకి తేయాకు మాడిపోలేదు కదా? ఈ ఉత్తరం మస్వింగో బస్సు కండక్టరుకిస్తున్నాను. అక్కణ్ణుంచి చిపింగె బస్సులో వేస్తానన్నాడు. నములుతూ మాట్లాడే మనిషి, వేస్తాడో మింగేస్తాడో చూడాలి.

ముందు మీ గరికాయి సంగతి. కంగారుపడకండి, వాడు మాట్లాడుతున్నాడు. గనిలో బండ పడి నడుము విరిగినవాడు నవ్వుతాడని నేననుకోలేదు గానీ, మీ కొడుకు నవ్వుతున్నాడు. "అత్తా, జోహన్నెస్‌బర్గ్‌లో ఇంత మెత్తటి మంచం నా జీతానికి దొరికేది కాదు, బండ పుణ్యమా అని దొరికింది" అంటాడు. ఆసుపత్రిలో ఇంటర్నెట్ ఉచితమట. రోజూ సాయంత్రం మా ఇంటి ఇంటర్నెట్‌కి వీడియో కాల్ చేస్తున్నాడు. మీ కొండ మీద ఫోను పలకదు కాబట్టి మీకు చెప్పాల్సినవి నాకు చెబుతున్నాడు. నేను మీకు రాస్తాను.

ఒకటే చికాకు. లైను నిలవడం లేదు. రెండు మాటలు అనగానే వాడి మొహం బిగుసుకుపోతుంది, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోతుంది. కాసేపు ఆగితే వస్తాడు. మళ్ళీ పోతాడు. మొబైల్‌తో చేద్దామంటే ఇక్కడ సిగ్నల్ వీధి చివర దాకా వచ్చి వెనక్కి పోతుంది. నిన్న "అత్తా, అమ్మతో చెప్పు, ఆగస్టులో నేను రాను" అన్నాడు. అంతే, తెగింది. తర్వాత ఏమన్నాడో తెలియదు.

ఆయన పోయాక మీ తమ్ముడి గదికి మీరు వేసి వెళ్ళిన తాళం అలాగే ఉంది. తలుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. చచ్చిపోయిన మేనమామ బట్టలు మేనల్లుడే పంచాలి కదా, గరికాయి లేచి నడిచి వచ్చేదాకా అలాగే ఉంటుంది. నేను ముందు గదిలో చాప వేసుకుని పడుకుంటున్నాను. ఇల్లు పెద్దదైపోయింది వదినా. ఇద్దరికి ఇరుకుగా ఉండేది.

మీ మరదలు,
ఎస్నాతు


చిపింగె
18 జూలై 2017

ఎస్నాతూ,

నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే, అంతవరకే. ఉత్తరం కండక్టరు మింగలేదు, కానీ దాని మీద కూర్చున్నట్టున్నాడు.

"ఆగస్టులో నేను రాను." ఇదా నా కొడుకు నాకు పంపిన కబురు? తొమ్మిది నెలలు మోసి, వాళ్ళ నాన్న పోయాక ఈ తేయాకు బుట్ట మోసి పెంచితే, రాను అని చెప్పమన్నాడా? చదువుకోవడానికి మీ ఇంట్లో పెట్టినప్పుడే అనుకున్నాను, వాడు సగం నీ కొడుకైపోయాడని. ఇప్పుడు మంచం మీదున్నా నీతోనే మాటలు. నాకు మిగిలేవి నువ్వు రాసే తునకలు.

నేనే వెళ్ళి చూద్దామంటే పాస్‌పోర్టు లేదు. అర్జీ పెట్టుకుని వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి ఆ పిల్ల "అవ్వా, మీ పుట్టిన కాగితం ఏది" అంది. నేను పుట్టినప్పుడు అక్కడున్నదాన్ని నేనే, నన్నడుగు అన్నాను. నవ్వింది, పని మాత్రం చెయ్యలేదు.

వాడు ఏం తింటున్నాడు? అది రాయి. నొప్పికి ఏం ఇస్తున్నారు? అది రాయి. వాడు నవ్వుతున్నాడని రాస్తే నాకేం తెలుస్తుంది? వాడు చిన్నప్పుడు పన్ను పీకించుకుంటూ కూడా నవ్వాడు.

నీ వదిన,
షువాయి


ఎంకోబా, గ్వేరు
27 జూలై 2017

వదినగారికి,

వణుకుతూ రాస్తున్నాను, సగం చలికి, సగం మీ ఉత్తరానికి. "రాను" అన్నది సగం మాట. మర్నాడు మిగతాది చెప్పాడు: "ఆగస్టులో రాను, డాక్టర్లు సెప్టెంబరు అంటున్నారు, మేక పిల్లని అమ్మొద్దని అమ్మతో చెప్పు, నేనొచ్చాక కోస్తాం." మీ కొడుకు మాటని నేను తునకలు చెయ్యలేదు. చేస్తున్నదేదో మా ఇంట్లోనే ఉంది.

తిండి: గంజి, ఉడికించిన కూరగాయలు. చికెన్ ఇస్తున్నారు గానీ ఉప్పుండదట. నొప్పికి సూది మందు. అది వేశాక మాట ముద్దగా వస్తుంది.

గరికాయి గనిలో కరెంటు పని చేసినవాడు కదా. "అత్తా, టెలిఫోను తీగ మంచిదే, మీ ఇంట్లో ఏదో వస్తువు నిప్పురవ్వలు రాలుస్తోంది, ఆ గోల తీగలోకి దూరి ఇంటర్నెట్‌ని చంపుతోంది, పట్టుకుందాం పద" అన్నాడు. మంచం మీద నుంచే నన్ను ఇల్లంతా తిప్పుతున్నాడు. ఫ్రిజ్ పీకించాడు. బల్బులు ఒక్కొక్కటే తీయించాడు. ఇస్త్రీ పెట్టె, ఫోను చార్జరు, పక్కింటి గేటు దగ్గర దీపం కూడా. దేని వల్లా కాలేదు. "అత్తా, అనుమానమున్నవన్నీ అమాయకులే, అసలు దొంగ నువ్వే" అని ఆటపట్టించాడు.

చివరికి ఇంటికంతటికీ ఉన్న ఆ ఒక్క ఫ్యూజూ తీయమన్నాడు. ఇంటర్నెట్ డబ్బాని మీ తమ్ముడి పాత మోటారుసైకిల్ బ్యాటరీకి తగిలించాం. వదినా, ఇల్లంతా చీకటి, వాడి మొహం మాత్రం అద్దంలా వచ్చింది. పావుగంట ఒక్కసారి కూడా తెగలేదు. గడ్డం పెరిగింది, మీ నాన్నగారి పోలికలు వచ్చాయి. తర్వాత బ్యాటరీ అయిపోయింది.

"చూశావా, దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఫ్యూజు పెట్టి, చిన్న రేడియో తీసుకుని, ఏ స్టేషనూ పలకనిచోట ముల్లు ఉంచి, ఇల్లంతా నడువు. గరగర ఎక్కడ ఎక్కువైతే అక్కడ" అన్నాడు. నడిచాను. వంటింట్లో సన్నగా ఉంది. ముందు గదిలో పెరిగింది. మీ తమ్ముడి గది తలుపు దగ్గర రేడియో అరిచింది. కాసేపు అరుస్తుంది, టక్కుమని ఆగుతుంది, మళ్ళీ మొదలు. నేను ఆ తలుపుకి ఆనుకుని కూర్చుండిపోయాను.

ఆ గదిలో ఏదో ప్లగ్గులో ఉండిపోయింది. ఆ రోజు ఏడుపుల్లో ఎవరు చూశారు? మీరు తాళంచెవి పంపితే, ఇద్దరు పెద్దవాళ్ళని సాక్షులుగా నిలబెట్టి, ఆ ఒక్క ప్లగ్గు తీసి, మళ్ళీ తాళం వేస్తాను. బట్టల మీద వేలు కూడా వెయ్యను.

ఎస్నాతు


చిపింగె
5 ఆగస్టు 2017

ఎస్నాతూ,

క్షేమం అడగను. అడిగే మనసు లేదు.

తమ్ముణ్ణి పూడ్చి రెండు నెలలైంది. మట్టింకా కుంగనైనా లేదు, గది మీద కన్ను పడింది. రేడియో అరిచిందట! మీ అన్నదమ్ములు పికప్ బండి వేసుకుని మీ ఇంటికి వచ్చారని ఇక్కడిదాకా కబురొచ్చింది. వాడి సూటు, వాడి గిటారు, కుట్టు మిషను, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి కదూ? అందుకనేనా ఇంటర్నెట్ గొడవ?

ఇంకోటి. ముందుగా డబ్బు కట్టి కొన్న కరెంటు యూనిట్లు నీళ్ళలా అయిపోతున్నాయని పరామర్శకి వచ్చినవాళ్ళతో అన్నావట. ఒంటరి ఆడది ఎవరికి వండుతోంది అంత కరెంటుతో? నేననడం లేదు, అడుగుతున్నాను.

తాళంచెవి నా నడుముకుంది. అక్కడే ఉంటుంది. గరికాయికి చెప్పు, వాళ్ళ అమ్మ మేకని అమ్మలేదని.

షువాయి


ఎంకోబా, గ్వేరు
14 ఆగస్టు 2017

వదినగారికి,

మా అన్నదమ్ములు తెచ్చింది చలికాలానికి కట్టెలు. కావాలంటే వచ్చి మోపులు లెక్కపెట్టుకోండి. నేనెవరికీ వండడం లేదు. మొక్కజొన్న పిండితో సద్జా కూడా రెండు పూటలకి ఒకసారే కలుపుతున్నాను. యూనిట్లు ఎందుకు అయిపోతున్నాయో నాకూ ఇప్పుడే అర్థమవుతోంది. ఆ గదిలో ఉన్నదేదో తింటోంది.

ఇరవై రెండేళ్ళు మీ తమ్ముడితో కాపురం చేశాను. మా ఇద్దరికీ పిల్లలు లేరు. అందుకు మీ వైపువాళ్ళు అన్నవన్నీ విన్నాను, మీరు మాత్రం ఒక్క మాట అనలేదు. పైగా కొడుకుని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. ఆ మనిషి ఇవాళ ఇలా రాస్తే తట్టుకోలేకపోయాను. ఆ తలుపుకి ఉన్నది మొక్కజొన్న గింజంత తాళం. సుత్తితో ఒక్క దెబ్బ. కొట్టలేదు. కొట్టనని మీకు తెలుసు.

మొన్న గరికాయికి మీ కోపం గురించి చెప్పాను. చెప్పకూడదనుకున్నాను, మొహం చూసి పట్టేశాడు. నవ్వలేదు ఈసారి. "అత్తా, ఇది రాసుకో. అమ్మతో నా మాటగా చెప్పు. మేనల్లుణ్ణి నేనే కదా, హక్కు నాదే కదా. ఆ తలుపు" అన్నాడు. తెగింది. ఆగాను. రాలేదు. మర్నాడు జ్వరం, మాట్లాడనివ్వలేదు.

బ్యాటరీ కూడా పూర్తిగా చచ్చిపోయింది, వదినా. పావుగంట దారి కూడా మూసుకుపోయింది.

ఎస్నాతు


చిపింగె
22 ఆగస్టు 2017

ఎస్నాతూ,

కట్టెల గురించి, వంట గురించి నేనన్నవి వెనక్కి తీసుకుంటున్నాను. నాకు కబురు తెచ్చినావిడ ఇప్పుడు నాకు ఎదురుపడడం మానేసింది. ఈ కాగితంతో తేయాకు పొట్లం, జామపళ్ళు పంపుతున్నాను. పళ్ళు కండక్టరు తింటే పొట్లమైనా అందుతుంది.

కానీ తాళంచెవి పంపను. కోప్పడకు, చివరిదాకా చదువు.

"ఆ తలుపు" అన్నాడు. తియ్యమన్నాడా, తియ్యొద్దన్నాడా? మిగతా సగం నువ్వు నింపుకున్నావు, నేను నింపుకోలేను. మా నాయనమ్మ చెప్పేది, మేనల్లుడు తియ్యాల్సిన గది వాడు రాకుండా తీస్తే ఆ కీడు ఆ మేనల్లుడికే తగులుతుందని. నువ్వు చదువుకున్నదానివి, నవ్వుకో. నేనూ ఇదివరకు నవ్వాను. ఇప్పుడు నా కొడుకు విరిగిన నడుముతో పరాయి దేశంలో పడి ఉన్నాడు. ఈ ఒక్క తాళం తప్ప వాడికి కాపలాగా పెట్టడానికి నా చేతిలో ఇంకేముంది? పాస్‌పోర్టు లేదు, డబ్బు లేదు, మందు లేదు. తాళం ఉంది. అందుకని బిగించి పట్టుకున్నాను.

ఇంకో మాట ఎవరితోనూ అనకు. రేడియో ఆ తలుపు దగ్గర అరిచిందని రాశావే, అది నా తమ్ముడేమో అనిపించింది. ఏదో చెప్పబోయి చెప్పలేకపోతున్నాడేమో. వాడికి చివర్లో దగ్గు వల్ల మాట పూర్తయ్యేది కాదు కదా.

జ్వరం తగ్గిందా? రాయి. తగ్గకపోయినా రాయి.

నీ వదిన,
షువాయి


ఎంకోబా, గ్వేరు
30 ఆగస్టు 2017

వదినా,

జ్వరం తగ్గలేదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. నిన్న నర్సే ఫోను పట్టుకుని చూపించింది. ఆవిడ "వాళ్ళమ్మగారు ఉన్నారా, ఉంటే త్వరగా" అంది, తెగింది. ఈ సగం నేను నింపనక్కర్లేదు, మీరూ నింపనక్కర్లేదు.

మా నాయనమ్మ కూడా అలాంటివే చెప్పేది. నేను నవ్వను.

తాళంచెవి తెచ్చుకోండి, మానెయ్యండి, మీ ఇష్టం. మీరు మాత్రం వచ్చెయ్యండి. వాడు "అమ్మ" అంటున్నాడు, నేను "ఆఁ" అంటున్నాను. నా వల్ల కావడం లేదు.

ఎస్నాతు


ఎంకోబా, గ్వేరు
1 అక్టోబరు 2017

వదినగారికి,

మీరు బాగున్నారా అని మొదలుపెట్టాను, కొట్టేశాను. మళ్ళీ మొదలుపెడుతున్నాను.

గరికాయిని మీ కొండ మట్టిలో పడుకోబెట్టి నేను తిరిగి వచ్చేసరికి ఇంట్లో పాలు విరిగిపోయి, ఇంటర్నెట్ డబ్బా దీపాలు వెలుగుతూ ఉన్నాయి. ఆ ఆకుపచ్చ దీపాలు ఇప్పుడు ఒక్కసారి కూడా ఆరిపోవడం లేదు. ఎంత బాగుందో ఇంటర్నెట్. నాకు కాల్ చేసేవాళ్ళు లేరు.

మనిద్దరం ఇంతవరకూ చెప్పుకోని మాట ఒకటుంది. రాయకపోతే నాకు తెరిపి లేదు. మీరు వచ్చిన రెండో సాయంత్రం, వాడి మొహం మూడుసార్లు బిగుసుకుపోయాక, మీరు లేచి నడుము దగ్గర ముడి విప్పి తలుపు తీశారు. నేను గడప అవతలే నిలబడ్డాను. గోడ దగ్గర ప్లగ్గు వెతుకుతూ మీరు మంచం మీద చెయ్యి ఆనించారు, వెంటనే తీసేశారు. తర్వాత నన్ను పిలిచి నా చెయ్యి పట్టుకుని పక్క మీద పెట్టారు. వెచ్చగా ఉంది. చలికి తట్టుకోలేక మీ తమ్ముడు వేసుకున్న కరెంటు దుప్పటి, పోయిన నాటి నుంచి అలాగే పనిచేస్తోంది, టక్కుమని ఆగుతూ, మళ్ళీ వేడెక్కుతూ. గరికాయి మొదటి జీతంతో మామయ్యకి కొనిచ్చిన దుప్పటి. రవ్వలు రాల్చింది అదే. మూడు నెలలు ఆ పక్క చల్లారలేదు. మీరేమనుకున్నారో నాకు తెలియదు. ఆ వెచ్చదనం తగలగానే నేను మాత్రం, ఆయన ఇప్పుడే లేచి బయటికి వెళ్ళాడనుకున్నాను. ప్లగ్గు మీరు తీశారు. నాచేత కాలేదు.

తర్వాత మూడు సాయంత్రాలు మీకు కొడుకు దొరికాడు. అందుకు నేనెవరికి దణ్ణం పెట్టాలో తెలియదు గానీ, పెడుతున్నాను.

ఇప్పుడు నన్ను తినేస్తున్న మాట. ఆఖరి రోజు నేను వంటింట్లో ఉన్నాను. "ఎస్నాతూ, వాడు మళ్ళీ ఆగిపోయాడే" అని పిలిచారు. నేను "ఆగండి వదినా, వస్తాడు" అన్నాను. అలవాటైన మాట. మీరు ఎంతసేపు ఆగారు? నేను చేతులు తుడుచుకుని వచ్చేసరికి ఫోను బోర్లించి ఉంది, మీరు కిటికీలోంచి చూస్తున్నారు. నన్నెందుకు పిలవలేదు వదినా? వాడు నాకూ కొడుకే కదా. లేక కీడు మాట మీ మనసులో ఉండి, గది తియ్యమని గోల పెట్టినదాన్ని నేనేనని పిలవలేదా? అలాగైతే అలాగే రాయండి. భరిస్తాను.

ఎస్నాతు


చిపింగె
12 అక్టోబరు 2017

ఎస్నాతమ్మా,

నేను బాగాలేను, నువ్వూ బాగాలేవు. ఈసారికి ఇదే మన క్షేమం.

ముందు కీడు సంగతి. ఇక్కడ అంటున్నారు, గది తీసింది, కొడుకు పోయాడు అని. బావి దగ్గర అంటారు, నేను వెళ్ళగానే వానల గురించి మాట్లాడతారు. రాత్రిళ్ళు నేనూ అనుకుంటాను. పగలు అనుకోను. పగలు నాకు గుర్తొచ్చేది, నువ్వు బుద్ధిగా అడిగినప్పుడే తీసి ఉంటే మూడు సాయంత్రాలు కాదు, ముప్ఫై దొరికేవి. ఈ రెండిట్లో ఏది ఎక్కువ నొప్పో నన్నడక్కు. నీ మీద మాత్రం నాకేమీ లేదు. పక్క మీద చెయ్యి వేసినప్పుడు నేనూ నువ్వనుకున్నదే అనుకున్నాను. నాకు సంతోషమేసింది, ఎస్నాతూ. ఒక్క క్షణం నిజంగా సంతోషమేసింది. అందుకే నీ చెయ్యి పట్టుకున్నాను.

ఇక ఆ ఆఖరి రోజు.

వాడు మేక గురించి అడిగాడు. కుంటుతోందని చెప్పాను. నవ్వబోయి దగ్గాడు. "అమ్మా, కాస్త పడుకుంటా, నువ్వు మాట్లాడు" అన్నాడు. మాట్లాడుతున్నాను. అప్పుడు వాడి మొహం ఆగిపోయింది. కళ్ళు సగం తెరిచి, నోరు ఏదో అనబోయినట్టు. ఇన్నాళ్ళూ నువ్వు రాసిన మొహమే. నిన్ను పిలిచాను, నువ్వు ఆగమన్నావు, ఆగాను. ఎంతసేపని అడిగావు. నాకు గడియారం మీద ధ్యాస లేదు. మస్వింగో బస్సులో నా ఒళ్ళో నిద్రపోయిన కోడి గురించి మొత్తం చెప్పేంతసేపు. లైను వచ్చేసరికి మాట మధ్యలో ఉండకూడదని మాట్లాడుతూనే ఉన్నాను.

అప్పుడు పక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. నర్సుది. మెల్లిగా కదులుతూ వచ్చింది, ఎక్కడా ఆగకుండా, వేలికి ఉంగరం కూడా కనపడుతూ. వాడి కళ్ళ మీద పెట్టి మూసింది. దుప్పటి సర్దింది. అన్నీ కదులుతున్నాయి, ఒక్క వాడు తప్ప. అప్పుడు తెలిసింది, లైను బాగానే ఉందని.

నేను ఏడవలేదు. ఫోను బోర్లించాను. నిన్ను పిలవడానికి నోరు తెరిచాను కూడా.

నువ్వు వంటింట్లో పాడుతున్నావు. నీకు గుర్తులేదేమో. గిన్నె తోముతూ, చర్చిలో మా తమ్ముడు పాడించే ఆ పాట, పెద్ద గొంతుతో పాడుతున్నావు. తమ్ముణ్ణి పూడ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో నీ పాట ఎవరూ వినలేదు. మూడు రోజులుగా లైను తెగలేదని, పిల్లాడు మాట్లాడుతున్నాడని పాడుతున్నావు. నేను పిలిస్తే ఆ పాట ఆగిపోతుంది. మళ్ళీ ఎప్పటికి పాడతావో.

అందుకని పిలవలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి, నువ్వు పాడడం అయ్యేదాకా నిలబడ్డాను.

నీ వదిన,
షువాయి